మొనలు లేని రాయి

అమ్మాయికి నాన్న దీవెనలు. అక్షరాలు వంకరైనా మాట సూటిగానే రాస్తున్నాను.

మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడను పెళ్ళి చేసుకుంటున్నాను. నిన్న నిశ్చితార్థం ఉంగరానికి వెళ్ళాను. నడుమ పెద్ద వజ్రం, చుట్టూ చిన్నవి ఉన్నది అడిగాను. "మనవరాలికా తాతా?" అన్నాడు కొట్టువాడు. "నాకు కాబోయే ఆవిడకిరా" అన్నాను. వాడు రాయి కట్టింగు ఏది కావాలంటూ నలుచదరందీ, పడవలాంటిదీ, గుండ్రటిదీ ముందు పెట్టాడు. ఆవిడ కుట్టిచ్చిన జేబురుమాలు మీద మూడూ రాసి చూశాను. "అది వజ్రం తాతా, రుద్దడానికి సబ్బు కాదు" అన్నాడు. మొదటి రెండింటి మొనలూ దారం పట్టి లాగాయి. రోజంతా పట్టుగుడ్డ కుట్టే చేతికి మొనలెందుకు? గుండ్రటిదే తీసుకున్నాను.

మీ అమ్మ ఉంగరం ముట్టుకోలేదు, అది నీదే. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా నల్లకోటు నీ దగ్గరే ఉండిపోయింది. పార్సిలు చేయకు, ఆదివారం నిశ్చితార్థానికి నువ్వే తీసుకురా. అల్లుడు నవ్వితే నవ్వనీ. నువ్వు రాకపోయినా ఉంగరం తొడుగుతాను, కోటు లేకుండానే. కాకపోతే గుమ్మం వైపు చూస్తూ తొడుగుతాను.

పిల్లలిద్దరికీ ఆశీస్సులు. అల్లుడికి కూడా.

మీ నాన్న