కలిసొచ్చిన నంబర్

సోమవారం రాత్రి, మొయినాబాద్

నేను నెట్ ఇచ్చే ఊళ్లన్నింటిలో ఇవాళ మళ్లీ లైన్ పడిపోయింది. ఎవడో మా పక్కూరు హిమాయత్‌నగర్‌లో మల్లన్న ఫామ్‌హౌస్ కెమెరాల్లోకి దూరి, వాటితో నా లైన్ మీదుగా ఎక్కడెక్కడి వెబ్‌సైట్ల మీదో దాడి చేయిస్తున్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే నా కనెక్షనే తీసేస్తామని నాకు లైన్ ఇచ్చే కంపెనీవాళ్లు చెప్పేశారు. అదే జరిగితే నా బతుకు రోడ్డు మీదే.

ఆ కెమెరాల పాస్‌వర్డ్ మల్లన్న జీపు నంబరే. ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

"గది మాకు కలిసొచ్చిన నంబర్ తమ్మీ, మార్చకు," అన్నాడు. గంటసేపు బతిమాలి మార్పించాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చోగానే ఆయనే ఫోన్ చేశాడు.

"ఇగ ఫికర్ చెయ్యకు. కొత్తది ఎవ్వరికీ యాదుంటలేదని గేటు మీద పెయింట్‌తోని రాయించిన."

కోపం కూడా రాలేదు. చేవెళ్ల రోడ్డు పొడుగునా నేను కనెక్షన్ ఇచ్చిన ఇళ్ల గేట్లన్నీ, వాటి మీద పెయింట్‌తో రాసున్న నంబర్లతో సహా, ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి...