ఇటువైపే మోగిన ఫోను

జూన్ 2, శనివారం

పొద్దున్నుంచీ ముసురు. ఫోన్ల గదిలో గోడ చెమ్మెక్కింది. కేబుళ్లు తుడుచుకుంటూ పని చేశాను. పాత ఎక్స్‌ఛేంజి తీసి కొత్తది పెట్టడం ఇవాళ్టితో అయింది. ఇక మా టైల్స్ ఫ్యాక్టరీలో ఎవరు ఏ దేశానికి నొక్కినా, కోడ్ చూసి ఏ లైన్లో పంపాలో సిస్టమే తేల్చుకుంటుంది. ఏ కోడ్ ఏ లైనుకో పెట్టింది నేనే.

ఒక చిక్కు. విదేశం కాల్ కలిసేలోపు చాలాసేపు నిశ్శబ్దం. ఫోను చచ్చిందనుకుని జనం పెట్టేస్తున్నారు. అందుకని నంబరు నొక్కగానే మన సిస్టమే రింగ్ వినిపించేలా సెట్ చేశాను. సేల్స్ ఆయన విని, ఇప్పుడు ప్రాణం లేచొచ్చిందయ్యా అన్నాడు.

జూన్ 3, ఆదివారం, మధ్యాహ్నం

బయటి దేశంలో ఇంటి మనిషి ఉన్న పనివాళ్లకి కంపెనీ ఆదివారం ఒక కాల్ ఉచితంగా ఇస్తుంది. వదిన ఇక్కడే టైల్స్ ఏరే షెడ్డులో పని చేస్తుంది. అన్న పనికెళ్లిన దేశంలో, వాళ్ల క్యాంపులో సెల్ అందదు. అక్కడి ఆఫీసు గదిలో ఒక్క ఫోనుంది, అదీ వచ్చే కాల్స్‌కే. ఆదివారం మాత్రం గది తాళం తీస్తారు.

అన్న వెళ్లి నెల. వెళ్లేరోజు వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడి, వెళ్లావంటే మళ్లీ నాతో మాట్లాడకు అంది. అన్న పక్కనుంచి తప్పుకుని వెళ్లాడు. ఇవాళ తనే చేస్తానంది. నంబరు నొక్కి ఇచ్చాను. రింగవుతోంది అంటూ కొంగు సర్దుకుంది, అటువైపు కనబడుతుందన్నట్టు. ఎవరూ ఎత్తలేదు.

జూన్ 10, ఆదివారం

రింగే. ఎత్తలేదు.

జూన్ 17, ఆదివారం

వదిన రెండుసార్లు చేయించింది. మీ అన్నకి చెవుడొచ్చిందా మరిదీ, నేనన్న ఆ ఒక్క మాటే బాగా వినిపించిందా అంది. నవ్వుతూనే అంది. మా అన్న పుట్టుమొండి అన్నాను. ఇంటికొచ్చి ముగ్గురికి సరిపడా వండింది.

జూన్ 24, ఆదివారం

వదిన రానంది. ఎన్నిసార్లు బతిమాలుకోవాలి, నాకూ రోషముంది అంది. నేను బలవంతపెట్టలేదు.

జూన్ 26, మంగళవారం

సేల్స్ ఆయన వచ్చి నా మీద పడ్డాడు. అన్న ఉన్న దేశంలోనే ఆయనకో కొత్త పార్టీ దొరికిందట. పొద్దున్నుంచీ చేస్తుంటే రింగవుతూనే ఉందట. పార్టీ మాత్రం అసలు ఫోనే రాలేదని మెయిల్ పెట్టాడట. ఆ గదిలో కూర్చుని ఏం పీకుతున్నావయ్యా అన్నాడు.

కాల్ ఎటు పోతోందో ట్రేస్ తీశాను. ఆ దేశం కోడ్‌ని పాత లైను మీదే వదిలేశాను. ఎక్స్‌ఛేంజి మార్చిన రోజే ఆ లైను కోసేశాం. ఆ దేశానికి చేసిన ఒక్క కాల్ కూడా మన గడప దాటలేదు. రింగ్ మాత్రం మనది. నేను పెట్టింది.

లైను మార్చాను. మన రింగ్ తీసేశాను. క్యాంపుకి చేసి చూశాను. కాసేపు నిశ్శబ్దం, తర్వాత దూరంగా, బొంగురుగా మోగింది. తాళం వేసిన గదిలో మోగి ఉంటుంది.

షెడ్డుకి వెళ్లి వదినకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. అయితే ఆయన ఎత్తకపోవడం కాదన్నమాట అంది. అక్కడ మోగనే లేదు కదా అని మళ్లీ అడిగింది. లేదన్నాను. మంచి టైలు తీసి పగిలినవాటిలో పడేసింది. పక్కనున్నామె, నీ మొగుడు ఫోన్లో దొరికితే మా షెడ్డు మునిగేట్టుందే అంది. వదిన గట్టిగా నవ్వింది.

జూన్ 30, శనివారం

గిన్నెలు తోముతూ వదిన రేపటి మాటలు గొణుక్కుంటోంది. ఏమిటని అడిగితే, నీకెందుకోయ్ అంది.

జులై 1, ఆదివారం

క్యాంపు వంటాయన ఎత్తాడు. మన భాషే. వదిన ఎవరో చెప్పగానే, ఇన్నాళ్లకా తల్లీ అన్నాడు. ఆదివారం వస్తే అన్న గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఈ ఫోను పక్కనే కూర్చునేవాడట. పెళ్లిచూపులు ఎప్పటికయ్యేనోయ్ అని క్యాంపువాళ్లు ఏడిపించేవాళ్లట. మా ఆవిడ అన్న మాట మీద నిలబడే మనిషి అనేవాడట. గొప్పగానే అనేవాడట.

చివరికి అన్న ఇంకా లోపలి సైటులో రెండేళ్ల పనికి ఒప్పుకుని వెళ్లిపోయాడట. అక్కడ ఫోను లేదు.

ఎప్పుడు వెళ్లాడని వదిన అడిగింది. ఆయన చెప్పాడు. వదిన రిసీవరు నా చేతికిచ్చింది.

జులై 2, సోమవారం

ఎండ కాసింది. వదిన షిఫ్టుకి వెళ్లింది.

అన్న వెళ్లింది జూన్ 25, సోమవారం పొద్దున, ట్రక్కులో, టీ తాగకుండా.