బోర్డు మీద ఆఖరి వరుస

జూన్ 3, సోమవారం

పొద్దున్నే కరెన్సీ ఎక్స్‌ఛేంజ్ బయట రేట్ల బోర్డుకు ప్లాస్టిక్ అంకెలు తగిలించడం నా మొదటి డ్యూటీ. ఆఖరి వరుస మా ఆయన పుట్టిన దీవిది. ఆ నోట్లు మార్చుకోవడానికి ఎవరూ రారు. ఆ వరుస చూసేది మా అత్తయ్య ఒక్కరే.

సముద్రం ఇంట్లోకి వచ్చాక ఆవిడ మా దగ్గరికి వచ్చేశారు. అక్కడ బట్టలు కుట్టి దాచుకున్న నోట్లు మారిస్తే ఒక కుట్టుమిషను వస్తుంది. రేటు ఇంకాస్త పెరగనీ, ఒకరి చెయ్యి చూడకుండా బతుకుతా అంటారు. నా యూనిఫాం కాలరు కుక్క చెవుల్లా వాలిపోయిందట. మిషను రాగానే మొదటి రిపేరు దానికేనని ఎగతాళి.

జూన్ 11

రేటు సగానికి పడింది. దీవిలో ముందు పొలాలు ఉప్పుబారాయి. తర్వాత బీమా కంపెనీలు వెళ్లిపోయాయి, ఆ వెనకే అప్పిచ్చేవాళ్లు. ఇప్పుడు నోటు వంతు. అత్తయ్య బోర్డు చూసి వచ్చి, ఏమీ తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు.

జూన్ 12

ఆఖరి వరుసకు పాత అంకెలే తగిలించాను. అసలు రేటు ఎలాగూ కంప్యూటర్లో ఉంటుంది. సాయంత్రం అత్తయ్య నవ్వుతూ వచ్చారు. కోలుకుందమ్మా అన్నారు. రెండు పూటల తిండి ఒకేసారి తిన్నారు.

జూన్ 20

అసలు రేటు ఇంకా పడింది. అంకెలు కదపలేదు. మా ఆయన ఇప్పుడే మార్చేయమ్మా అని పోరారు. నిలకడగానే ఉందిగా, తొందరేంట్రా, నీ పెళ్లాం పెట్టే బోర్డు రోజూ చూస్తున్నా కదా అన్నారు అత్తయ్య. నేను లేచి గిన్నెలు కడగడానికి వెళ్లాను.

జూన్ 26

రేపు చెబుతా.

జూన్ 28

హెడ్డాఫీసు నుంచి మెయిల్. ఆ కరెన్సీ ఇక తీసుకోవద్దు. మేనేజరు పక్కనే నిలబడి వరుస తీయించాడు.

సాయంత్రం అత్తయ్య సంచితో వచ్చారు. అందరిలాగే లైన్లో నిలబడ్డారు. నిన్నటిదాకా బాగానే ఉంది కదమ్మా అన్నారు. అద్దానికి ఇవతల నుంచి, మైకులో, అంతా చెప్పేశాను. వెనకవాళ్లంతా విన్నారు. ఆవిడ నోట్ల మూలలు సర్ది మళ్లీ సంచిలో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది.

జూలై 1

యూనిఫాం ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి ఉంది. కాలరు విప్పి చేత్తో కుట్టారు. నిటారుగా నిలబడింది. లోపల గట్టిగా ఏదో ఒకటి పెట్టాలి కదా, సంచిలో ఊరికే పడున్న కాగితాలు పెట్టానన్నారు.

కౌంటర్లో తల తిప్పినప్పుడల్లా మెడ దగ్గర గరగరమంటోంది.