నొప్పి లేని మనిషి

మంచిర్యాల,
12-8-1992

బాపుకు, నీ ఒక్కగానొక్క బిడ్డ రాసేది,

నువ్వు మా గూట్లో వదిలేసి పోయిన బీపీ గోళీలు ఈ కవరులోనే పంపుతున్నాను. బాగున్నావా అని అడగను. కోపంతోనే రాస్తున్నాను.

మొన్న ఆదివారం పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతులతో దించావు. వేళ్ళు బొబ్బలెక్కినా నీకు తెలియలేదు. బలవంతంగా దవాఖానకు తీసుకుపోతే బీపీ రెండు వందల ఇరవై ఉంది. బీపీ బాగా ఎక్కువున్న కొందరికి నొప్పి తక్కువగా తెలుస్తుందని, గుండెపోటు వచ్చినా తెలియకపోవచ్చని, నొప్పి లేదని మందు మానొద్దని డాక్టరు చెప్పాడు. నువ్వేమో బయటికి రాగానే మీసం దువ్వుకుని, "చూసినవా బిడ్డా, నా పెయ్యి ఇనుము" అన్నావు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. పదిహేనేళ్ళ కింద నన్ను కన్న అవ్వ కడుపు పట్టుకుని రెండు రోజులు పొర్లింది. అప్పుడు నువ్వేమన్నావు? "సాంచె మగ్గం కాడ నా గోరు ఊడితే గుడ్డ చుట్టుకొని బట్ట నేసిన. గింత నొప్పికి దవాఖాననా?" మూడో రోజు కరీంనగర్ తీసుకుపోయేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. అవ్వ తిరిగి రాలేదు. నీది బలం కాదు బాపూ, జబ్బు. ఆ జబ్బుతో అవ్వ నొప్పిని కొలిచావు.

గోళీలు వేసుకో. వేసుకోకపోతే నా గడప తొక్కకు. ఇంకొకరి కోసం ఏడ్చే ఓపిక నాకు లేదు.

నర్మద

సిరిసిల్ల,
20-8-1992

బిడ్డా నర్మదా,

మీ బాపు చెప్పింది చెప్పినట్టు పక్కింటి దేవదాస్ రాస్తున్నాడు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్న. రోజు పొద్దుగాల గోళీ ఏసుకుంటున్న. అంతా జబ్బు మూలంగనే అయిందని రాద్దామన్నడు దేవదాస్. నేను వద్దన్న.

నా నొప్పి నాకు తెల్వకపోవుడు బీపీ కావచ్చు. మీ అవ్వ నొప్పి మాత్రం ఆమె నోటితోని చెప్పింది. "పాణం పోతున్నది, బస్సెక్కియ్యి" అని రెండు రోజులు చెప్పింది. నా చెవులకు ఏ జబ్బు లేదు. ఇన్న. నమ్మిన గూడ. ఆ వారం పనికి పోకపోతే సేటు నా సాంచె ఇంకొకనికి ఇస్తడని భయపడ్డ. గా భయం కనపడనియ్యకుండ గోరు ముచ్చట చెప్పిన. ఇన్నేండ్లు ఎవలకు చెప్పలే.

డాక్టర్ మాట పట్టుకొని నన్ను మాఫ్ చెయ్యకు. నువ్వు రమ్మనేదాక నీ ఇంటికి రాను.

నీ బాపు,
మొండయ్య