వారానికి ఒక్కటే

జూన్ 14

మళ్లీ వచ్చింది. పొద్దున్నే బాత్రూం తలుపు దగ్గర శ్రావ్య గోడ పట్టుకుని వంగిపోయి నిలబడింది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కింద కాలేజీ వ్యాను హారన్ కొడుతూనే ఉంది. "పొమ్మను అమ్మా... నాతోని కాదు." వ్యాను పంపించేశాను. నా స్కూలుకూ సెలవు చెప్పాను. హెడ్‌మిస్ట్రెస్ గొంతు గట్టిగానే ఉంది. ఉండనీ.

నొప్పి గోళీ వేస్తే కక్కేసింది. కాసేపాగి ఇంకొకటి. వేడినీళ్ల సంచీ. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకుంది. ఏం చేయాలో తోచక పక్కన కూర్చుని దాని జుట్టు చిక్కులు తీశాను. ప్రతి నెలా ఇదే, ప్రతి నెలా కొంచెం ఎక్కువ. లోపల ఏదో ఉందని నా భయం. దాని పేరు ఇక్కడ రాయను.

అత్తమ్మ గడప అవతలి నుంచే చూసింది. "ఆడపిల్లకు గిది ఉండేదేనే. రేపు ఒక పిలగాన్ని కంటె అన్నీ పోతయ్." పదహారేళ్ల పిల్లతో అనే మాటా ఇది. ఒళ్లు మండింది.

జూన్ 15

రాత్రి అన్నం దగ్గర ఈయన అడిగాడు, "పొల్లకేమైంది?"

"కడుపునొప్పి."

"బయట ఏం తిన్నది?"

అంతే. ఈ ఇంట్లో ఆ మాట మగవాళ్ల ముందు అనరు. నేనూ అనను.

జూన్ 19

లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం, నేనూ శ్రావ్యా. స్కానింగ్ గదిలో అది నా చేయి వదల్లేదు. స్కాన్ చేసే అమ్మాయి తెరవైపు చూస్తూ ఎంతకీ మాట్లాడదు.

గడ్డలేమీ లేవు. అంతా మామూలుగానే ఉందట. అమ్మయ్య అనుకున్నాను.

రక్తపరీక్షలో మాత్రం విటమిన్ డి బాగా అడుగున ఉంది. "ఎండ తగుల్తదా నీకు?" అని మేడమ్ శ్రావ్యను అడిగింది. అది నవ్వింది. ఎక్కడి ఎండ... తెల్లవారగానే వ్యాను, రోజంతా ట్యూబులైట్ల కింద క్లాసులు, ఇంటికొచ్చేసరికి పొద్దుగూకుతుంది. ఆదివారం స్కూటీ మీద బయటికి పోయినా మొహానికి స్కార్ఫు, చేతులకు మోచేతులు దాటి గ్లోవ్స్. నల్లబడుతుందని నేనే కొనిచ్చాను.

"డి తక్కువున్న పిల్లల్లో కొందరికి ఈ నొప్పి ఎక్కువుంటది. పెంచి చూద్దాం. అందరికీ తగ్గుతదని మాత్రం చెప్పను," అంది మేడమ్. పొడి పాకెట్లు రాసింది, పాలల్లో కలిపి తాగాలి. వారానికి ఒక్కటే. ఆ మాట రెండుసార్లు చెప్పింది.

ఇంటికి రాగానే అత్తమ్మ: "ఏమన్నది డాక్టరమ్మ?"

"ఏం లేదత్తమ్మా. బలం తక్కువున్నదట. బలానికి పొడి రాసిచ్చింది."

నిజం చెబితే? గర్భసంచి, స్కానింగ్ అన్న మాటలు చెవిన పడితే సాయంత్రానికల్లా కరీంనగర్‌లో ఆడబిడ్డకు ఫోన్ పోతుంది. అక్కడి నుంచి ఎక్కడెక్కడికో. రేపు సంబంధాలు చూసేనాడు ఎవరో ఒకరు అది బయటికి తీస్తారు. బలం అంటే ఏ లొల్లీ లేదు.

జూన్ 22

ఆదివారం. మొదటి పాకెట్. నేనే కలిపిచ్చాను. ముక్కు మూసుకుని తాగింది.

జూలై 12

వచ్చింది. నొప్పి ఉంది... కానీ లేచి దోసె తిన్నది. వ్యాను ఎక్కింది. కక్కలేదు. నాకే నమ్మకం చాలక మధ్యాహ్నం కాలేజీకి ఫోన్ చేశాను. క్లాసులోనే ఉంది అన్నారు.

సాయంత్రం సంతోషం పట్టలేక అత్తమ్మతో చెప్పాను. "ఆ పొడి మస్తు పనిచేస్తున్నదత్తమ్మా."

ఆమె మొహం విప్పారింది. "చూసినవా మరి, బలం లేకనే ఆ తక్లీఫ్. నేను మొదటి నుంచి అంటనే ఉన్న." ఎప్పుడూ అనలేదు. అననీ, ఇవాళ ఏమన్నా నాకు కోపం రాదు.

జూలై 27

ఆదివారం. శ్రావ్యను డాబా మీద ఎండలో కూర్చోబెట్టాను, డ్రెస్సు చేతులు పైకి మడిచి, స్కార్ఫు లేకుండా. అత్తమ్మ గొడుగు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "పిల్లను ఎండల పెట్టినవేందే, వడియమా అది?" శ్రావ్య పడీ పడీ నవ్వింది. ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

ఆగస్టు 10

ఈ నెల ఇంకా తక్కువ. దేవుడున్నాడు.

ఆగస్టు 24

శ్రావ్య నీళ్లు తెగ తాగుతోంది. బాటిల్ నింపినది నింపినట్టే అయిపోతోంది. అన్నం మాత్రం వద్దంటుంది. మూడు రోజులుగా దొడ్డికి సరిగా వెళ్లలేదట, సిగ్గుపడుతూ చెప్పింది. అరటిపండు పెట్టాను. వీక్లీ టెస్టుల టెన్షన్ అంటోంది. అదే అయి ఉంటుంది.

సెప్టెంబర్ 3

వాంతులు. ఇవి ఆ రోజులు కావు. నొప్పీ లేదు. వట్టి వాంతులు. పుస్తకం ముందు కూర్చుని కళ్లు మూతలు పడుతున్నాయి.

ఒక పాడు అనుమానం వచ్చింది. వచ్చింది కదా, అడిగేశాను కూడా. అది నన్ను చూసిన చూపు మర్చిపోలేను. "అమ్మా, నువ్వు కూడానా..." అని అటు తిరిగి పడుకుంది. ఏం తల్లిని నేను.

సెప్టెంబర్ 6

ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

మా ఇంట్లో పొద్దుటి వంట నాది. సాయంత్రం పొయ్యి అత్తమ్మది. దీపం పెట్టాక పిల్లకు పాలు కాచి ఇవ్వడం ఆమె పని, శ్రావ్య పుట్టినప్పటి నుంచీ ఆమెదే. నేనెప్పుడూ అందులో వేలు పెట్టలేదు.

ఇవాళ శ్రావ్య మళ్లీ కక్కింది. ఈసారి లేవలేకపోయింది. అత్తమ్మ నా వెనక నిలబడి అంది: "ఇయ్యాల పాలల్ల పొడి జెర ఎక్కువ ఏస్త. పిల్ల మరీ బలం తప్పింది."

"ఏం పొడి?"

"గదే. నువ్వు తెచ్చిన పొడి."

"అది ఆదివారం నేను ఇస్తున్న కదా అత్తమ్మా."

"నువ్వు ఆదివారమే ఇస్తున్నవ్. బలానికి తాగేది వారానికొక్కసారి ఎవలన్న తాగుతరా? స్కూలు పనిల పడి మర్చిపోతున్నవనుకున్న. నేను రోజు ఏస్తున్న. చాక్లెట్ పొడి కలిపి ఏస్తె ఎరుక కాదు పిల్లకు."

వంటింట్లోకి వెళ్లి బిస్కట్ల డబ్బా తెచ్చింది. నిండా అవే పాకెట్లు. ఖాళీది చూపిస్తే మెడికల్ షాపాయన ఇచ్చేస్తున్నాడట, ఒక్క మాట అడగకుండా.

"ఎప్పటి నుంచి?"

"నువ్వే చెప్తివి గదా మంచిగ పనిచేస్తున్నదని... అప్పటి నుంచి."

జూలై నుంచి. రోజూ.

ఆమె నా మొహం చూసి డబ్బా కింద పెట్టేసింది. "ఏందే? ఏమైందే సునీతా? ఏమన్న తప్పు చేసిన్నా?" నేను అప్పటికే ఆటోకు ఫోన్ చేస్తున్నాను.

అదే రోజు, రాత్రి

విటమిన్ డి ఎక్కువై రక్తంలో క్యాల్షియం బాగా పెరిగిపోయింది. కిడ్నీల మీద పడింది. చిన్న డాక్టరు, చాలా చిన్న పిల్లాడిలా ఉన్నాడు, "రోజూనా?" అని అడిగాడు. మళ్లీ అడిగాడు. "రోజూనా మేడమ్?" రోజూనే అన్నాను.

"తగ్గుతదా?"

"తగ్గాలి. సెలైన్ ఎక్కిస్తున్నం. కానీ ఆ మందు ఒంట్లో నిలవ ఉంటది, పోవడానికి వారాలు పట్టొచ్చు. కిడ్నీలు ఎంత కోలుకుంటయో రోజూ రక్తం చూస్తే గాని చెప్పలేం."

పాలు వద్దు. పెరుగు వద్దు. ఎండ కూడా వద్దట.

సెప్టెంబర్ 7

ఈయన మోండా మార్కెట్‌లో తన దుకాణం మూసేసి వచ్చాడు. వరండాలో నిలబెట్టి అంతా చెప్పాను. మొదటిసారి ఆ మాట ఆయనతో అన్నాను: నెలసరి. నొప్పి. ప్రతి నెలా. ఆయన నేలవైపు చూస్తూ విన్నాడు.

"నాకు చెప్తే ఏమయ్యేది?"

ఏమయ్యేదో నాకూ తెలియదు. చెప్పలేదు. అంతే.

వెళ్లేముందు, "అమ్మనేమనకు," అన్నాడు. ఏమంటాను? ఏమనాలని ఉందో రాస్తే ఈ పేజీ చాలదు. కానీ బలానికని చెప్పింది ఎవరు? వారానికి ఒక్కటే అన్న మాట నా దగ్గరే ఉంచుకున్నది ఎవరు? ఆమెకు ఎవరు చెప్పాలి మరి?

సెప్టెంబర్ 8

ఇవాళ్టి రక్తంలో క్యాల్షియం కొంచెం దిగింది. కిడ్నీల లెక్క మాత్రం దిగలేదు. నిన్నటికంటే కొద్దిగా పైకే పోయింది. "చూద్దాం," అంటారు. ఎవరిని అడిగినా అదే మాట.

అత్తమ్మ వచ్చింది. జావ తెచ్చింది, స్టీలు డబ్బాలో. వార్డు తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపలికి రాదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. "నా చేతిది తాగుతదా?" అని నన్నే అడిగింది, పిల్లకు వినపడకుండా. నేను డబ్బా అందుకున్నాను. ఆమె మొహంలోకి చూడలేకపోయాను. శ్రావ్యే పిలిచింది, "నానమ్మా, ఇటు రా. ఇక్కడ కూసో." పిల్లకున్నంత మనసు నాకు లేదు.

సాయంత్రం రౌండుకొచ్చిన పెద్ద డాక్టరు పోయేముందు చెప్పింది: నొప్పి గోళీలు ఇవ్వకండి. ఇంట్లో ఆ రోజుల్లో వాడేవి అసలు వద్దు, ఇప్పుడున్న స్థితిలో కిడ్నీలు తట్టుకోవు.

ఆ మాట విన్నప్పటి నుంచి తేదీలు లెక్క పెట్టుకుంటున్నాను. ఈ వారంలోనే రావాలి. ఆగమని ఎవరికి మొక్కాలి?

సెప్టెంబర్ 9

రాలేదు. నిద్రపోయింది కాస్త. నేను కూర్చునే ఉన్నాను.

సెప్టెంబర్ 10

వచ్చింది.

మధ్యాహ్నం షురూ అయింది. జూన్‌లో ఎలా ఉండేదో అలాగే. సెలైన్ పెట్టిన చేయి కదపకూడదు, ఒక పక్కకే ముడుచుకుని పడుకుంది. కిడ్నీలకు పర్వాలేదని పారాసిటమాల్ ఎక్కించారు. దానికి లొంగే నొప్పి కాదు ఇది. నడుం రాస్తున్నాను. కాళ్లు నొక్కుతున్నాను. దుప్పటి అంచు పళ్లతో కొరుకుతోంది, పక్క మంచం వాళ్లకు వినపడకూడదని.

"అమ్మా... నీ బ్యాగ్‌ల గోళీలు ఉన్నయి గదా."

"వద్దన్నరు బిడ్డా."

"ఒక్కటే. ఒక్కదానికేం కాదు. ఎవ్వరికీ చెప్ప."

"కిడ్నీకి..."

"నాకు తెలుసమ్మా. తెలుసు. ఒక్కటియ్యి."

ఉన్నాయి. బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. జిప్ మీద చేయి పెట్టాను కూడా. ఒక్కదానికి ఏమవుతుంది అని నా లోపలా ఎవరో అన్నారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. దాని జబ్బు చూసి కాదు, నన్ను చూసుకుని. దాని బాధ చూడలేక ఇచ్చేస్తాను. తప్పకుండా ఇచ్చేస్తాను. ప్రేమతో ఇచ్చినదే ఇంతదాకా తెచ్చింది.

బ్యాగు తీసుకుని బాత్రూంలోకి వెళ్లాను. ఒక్కొక్కటే చించి నీళ్లలో వేశాను. అన్నీ పోయేదాకా ఫ్లష్ నొక్కాను.

బయటికి వచ్చి, "అయిపోయినయి బిడ్డా, లేవు," అన్నాను. అది నా చేతిలోని బ్యాగు వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. గోడవైపు తిరిగింది.

పొద్దున రక్తం తీసుకెళ్లారు. రిపోర్టు ఇంకా రాలేదు. తలుపు చప్పుడైతే చాలు, తల ఎత్తుతున్నాను. ఒక చేత్తో దాని నడుం రాస్తూ ఇంకో చేత్తో ఇది రాస్తున్నాను. మళ్లీ అడుగుతుందేమోనని భయంగా ఉంది.

ఇంతసేపైంది... అడగడం లేదు.