చీలిక దగ్గర మింగిన కేక

చాపాగావ్,
తిహార్ దీపాల పండగ ఆఖరి రోజు, మధ్యాహ్నం

ప్రియమైన దిల్‌మాయక్కకి,

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోను చేస్తే నీ గొంతు వినగానే ఏదో ఒక అబద్ధం ఆడేస్తాను. ఈ మూడు వారాల్లో రెండుసార్లు ఆడాను కూడా. కాగితం మీదయితే అబద్ధం రాసే చెయ్యి నాకే కనబడుతుంది కదా, అందుకని రాస్తున్నాను. రేపు మీ ఊరు లేలేకి వచ్చే మైక్రోబస్సు డ్రైవరుకి ఇస్తాను. చదివాక నువ్వు నాతో మాట్లాడకపోతే ఎందుకని అడిగే మొహం నాకు లేదు.

దశైన్ పండగ తర్వాత శనివారం జరిగిన సైకిలు రేసు గురించి చెప్పాలి. దారి పొడవునా పసుపు రిబ్బన్లు కడతామని, ముందుగా ఎవరూ తొక్కి చూడకూడదని రేసు పెట్టిన పూర్ణన్న చెప్పాడు కదా. ఆ రిబ్బన్లే అందరికీ దారి. కానీ ఆ కొండ నాకు కొత్తదేమీ కాదు. చిన్నప్పటి నుంచీ అమ్మతో గడ్డి కోసిన కొండ. ఏ చెట్టు దగ్గర ఏ దారి చీలుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. పెద్ద పైన్ చెట్టు దగ్గర ఎడమ దారి పైకి ఎక్కుతుంది, కుడి దారి వాగులోకి దిగుతుంది. అక్కడ పోటీ ఎడమకే పోవాలని నాకు అనుమానం లేకుండా తెలుసు. ఎడమ వైపు పైనున్న బండ మీద రిబ్బను నాకు కనబడింది కూడా. చెట్టు మీద మాత్రం ఒక్కటీ లేదు.

నువ్వు నాకంటే యాభై గజాలు ముందున్నావు. కుడికి తిరిగావు.

నేను బ్రేకు పట్టి ఆగాను. ఒక కాలు నేల మీద పెట్టాను. నీ ఎర్ర హెల్మెట్ పొదల మధ్య ఇంకా కనబడుతూనే ఉంది. "అక్కా, ఎడమకి!" అని రెండు ముక్కలు అరిస్తే చాలు. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోరు మూసుకున్నాను. ఆయాసంలో గొంతు రాలేదని చెప్పుకోవచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. కానీ అది కాదు. ఆ కాస్త సేపట్లో నేను ఆలోచించాను. మూడేళ్ళుగా ప్రతి రేసులోనూ నీ వెనక టైరు చూస్తూనే తొక్కాను, ఈసారి గెలిచిన ఒక్కరే పోఖరాలో పెద్ద పోటీకి వెళ్తారు, పిలిస్తే ఆ ఒక్కరు నువ్వే అవుతావు. ఇవన్నీ వరసగా ఆలోచించి, నీ హెల్మెట్ పూర్తిగా కనబడకుండా పోయేదాకా ఆగి, అప్పుడు ఎడమకి ఎక్కాను.

దారి తప్పినవాళ్ళని కేకేసి పిలవాలని నాకు నేర్పింది నువ్వే. మన పక్కూరు గోదావరిలో పెట్టిన రేసులో నేను పశువుల దారిలోకి పోతుంటే, అంత ఎక్కిన కొండా వెనక్కి దిగి వచ్చి, "ఒసేయ్, అటు పోతే నీకు దొరికేది పెళ్ళికొడుకే, కప్పు కాదు!" అని అరిచావు. ఆ రోజు మూడో స్థానం పోగొట్టుకున్నావు. పోయిందని ఒక్క మాట కూడా అనలేదు.

గీత దాటగానే అందరూ నన్ను ఎత్తుకున్నారు. గంటంపావు తర్వాత నువ్వు వచ్చావు. మోచెయ్యి చీరుకుపోయి, సైకిలు భుజాన మోసుకుంటూ వచ్చావు. కుడి దారి కొండచరియ పడి కొట్టుకుపోయిందట. జనమంతా రిబ్బన్లు సరిగా కట్టలేదని పూర్ణన్న మీద విరుచుకుపడ్డారు. ఆయన "కట్టాను బాబూ, నా చేత్తో మూడు కట్టాను ఆ చెట్టుకి" అంటుంటే ఎవరూ వినలేదు. నువ్వు మాత్రం నా దగ్గరికొచ్చి, "బాగా తొక్కావే పిల్లా. పోఖరాలో మన లోయ పరువు నిలబెట్టు" అని నన్ను కౌగిలించుకున్నావు. నీ మోచేతి రక్తం నా జెర్సీకి అంటింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇంటికొస్తే పెరట్లో ఆవు ముందు గడ్డిమోపు ఉంది. మోపు చుట్టూ మూడు పసుపు రిబ్బన్లు ముడేసి ఉన్నాయి. "ఎక్కడివమ్మా ఇవి?" అన్నాను. "పైన్ చెట్టుకి ఊరికే వేలాడుతున్నాయే. ఎవరో పెళ్ళివాళ్ళు కట్టి మర్చిపోయినట్టున్నారు. తాడు మర్చిపోయి కొండెక్కాను, సరిగ్గా సమయానికి దొరికాయి" అంది అమ్మ. నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో తెలుసా అక్కా? ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, తప్పు చేసింది అమ్మ కదా, నేను కాదు కదా అనిపించింది. నా మీద నాకు మొదటిసారి అసహ్యం వేసింది అప్పుడే. ఆ రిబ్బన్ల సంగతి పూర్ణన్నకి కూడా చెప్పలేదు. చెప్తే చీలిక దాకా మాట వస్తుందని భయపడ్డాను.

నిన్న మా కొత్త సంవత్సరం. "మీ నేవార్ల జాతిలో మీకు మీరే దణ్ణం పెట్టుకుంటారే!" అని ఏటా ఏడిపిస్తావుగా, ఆ పూజ. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో ముగ్గు వరసగా వేసి, ఎవరి ముగ్గు ముందు వాళ్ళు కూర్చుని ఎవరి ఒంటికి వాళ్ళు పూజ చేసుకోవడం. ఈ ఏడు అమ్మ నా పక్కన సైకిలుకి కూడా చిన్న ముగ్గు వేసింది. కప్పుకి బొట్టు పెట్టింది. దీపాలు వెలిగించి, నా చేతిలో ఉడికించిన గుడ్డూ చేపా పెడుతూ మామూలుగా అడిగింది. "అవునే, ఆ రోజు నీ ముందు పోయిన ఎర్ర టోపీ పిల్ల వాగులోకి ఎందుకు దిగిందే? నేను పైన గడ్డిలోంచి చూస్తున్నా. నువ్వు వెనకే ఉన్నావుగా, పిలవలేదా?"

"నేను చూడలేదమ్మా" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది. నేను ఆగి, కాలు కింద పెట్టి నిలబడటం కూడా ఆమె చూసిందని అప్పుడు అర్థమైంది. అమ్మ నా చేతిలో గిన్నె పెట్టి అన్నయ్య ముగ్గు ముందుకి జరిగింది. గుడ్డు తినలేదు. ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాను. నాకు నేను దణ్ణం పెట్టుకోవాల్సిన రోజు, నా ముగ్గు వైపు చూడటానికే సిగ్గేసింది.

ఇదీ సంగతి. క్షమించమని అడగను. పోఖరాకి నేను వెళ్ళను. నీకు దారి తప్పించింది మా అమ్మ రిబ్బను కాదు. నేనే.

నీ దగ్గర బ్రేకు పట్టడం నేర్చుకున్న
రోజినా

---

లేలే,
ఆదివారం

చెల్లీ రోజినా,

డ్రైవరు నీ ఉత్తరం ఇస్తూ "ప్రేమలేఖా?" అన్నాడు. "దానికంటే బరువైందిరా" అన్నాను, ఇంకా విప్పకుండానే. నువ్వు రాస్తావని నాకు తెలుసు. రాయకుండా ఉంటే బాగుండునని కూడా కోరుకున్నాను. ఎందుకో చివరిదాకా చదువు.

నువ్వు ఆగావని నాకు ఆ రోజే తెలుసు. నీ వెనక చక్రం కీచురాయిలా కిరకిరలాడుతుందిగా, ఎన్నిసార్లు నూనె పెట్టమన్నానో. ఆ కిరకిర చీలిక దగ్గర ఆగిపోయింది. తర్వాత పైకి ఎక్కుతూ వినబడింది. అప్పుడే అనుకున్నాను, దీనికి ఎడమ దారి తెలుసు, నన్ను పిలవలేదు అని. బాధేసింది. దాన్ని లేదనను.

కానీ నువ్వు నన్ను ఎంత మంచిదాన్ని చేసి రాశావే! చదువుతుంటే చెంప మీద కొట్టినట్టయింది. నిజం విను. యాభై అడుగులకి రిబ్బను కనబడకపోతే వెనక్కి తిరగాలి, అది రూలు. నేను వంద అడుగులు పోయాను, రెండు వందలు పోయాను, రిబ్బను లేదు. తిరగలేదు. పోయిన వానాకాలం గైడుగా విదేశీయుల్ని తీసుకుని ఆ వాగు దారిలో దిగాను. అది కింద నీళ్ళ ధార దగ్గర మళ్ళీ మన దారిలోకే కలుస్తుంది. కొండెక్కే బాధ లేదు, మైలు దూరం తగ్గుతుంది. అడిగితే రిబ్బను లేదు, నాకు తెలియలేదు అంటే సరిపోతుంది, ఎవరు కాదంటారు అనుకున్నాను. వాన తర్వాత చరియ పడిందని నాకేం తెలుసు? పడకపోయి ఉంటే నీకంటే ముందు వచ్చి, కప్పు తీసుకుని, పోఖరాకి పోయేదాన్ని. నువ్వు పిలిచినా నేను ఆగేదాన్ని కాదు రోజినా. వినబడనట్టు పోయేదాన్ని.

ఈ ఏడు నాకు ముప్పై మూడు నిండాయి. నువ్వు నా వెనక ఎంత దగ్గరికొచ్చావో నీ చక్రం చప్పుడే చెప్తుండేది. అదీ నా భయం.

ఆ తర్వాత చేసింది ఇంకా సిగ్గుమాలిన పని. జనం పళ్ళు పట్టుకుని పరామర్శకి వస్తే తీసుకున్నాను. పాపం దిల్‌మాయకి అన్యాయం జరిగిందంటుంటే తల వంచుకుని కూర్చున్నాను. పూర్ణన్న నా గుమ్మంలోకొచ్చి "తల్లీ, నా వల్లే" అని చేతులు జోడిస్తే, "పోనీలే అన్నా" అన్నాను. ఆ "పోనీలే" నా నాలుక మీద ఇంకా చేదుగా ఉంది. ఇక ఏ రేసూ పెట్టనని ఆయన సామానంతా అటకెక్కించాడట.

నేను విదేశీయులతో పదిరోజులు పైకి పోతున్నాను. ఈ ఉత్తరం పూర్ణన్నకి చూపించు. నిర్మలక్కకీ చూపించు. నీ వెనక సరైన దారిలో రెండో స్థానంలో వచ్చింది ఆమే కదా, కప్పు ఆమెదే. నేను వచ్చాక స్వయంగా పోతాను, కానీ అప్పటిదాకా పూర్ణన్న ఈ బరువు మొయ్యకూడదు.

నూనె పెట్టుకో.

నీ అక్క
దిల్‌మాయ

---

చాపాగావ్,
బుధవారం

అక్కకి,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. తర్వాత, నిజం చెప్తున్నాను, కాస్త తేలిగ్గా అనిపించింది. తిలా పాపం తలా పిడికెడు అని సరిపెట్టుకుందామనుకున్నాను. కానీ నా పిడికెడు నాదే అక్కా. నేను నోరు మూసుకున్నప్పుడు నీ మనసులో ఏముందో నాకు తెలియదు. దారి తప్పుతున్నావనే అనుకున్నాను, అనుకునే వదిలేశాను. నీ తప్పు నా తప్పుని కొంచెం కూడా చెరపదు.

ముందు అమ్మకి చెప్పాను. వంటింట్లో ముల్లంగి తరుగుతోంది. అంతా విని, "నువ్వు ఆగడం చూశానే. ఆ రోజు నుంచీ నోరెప్పుడు విప్పుతావా అని చూస్తున్నా" అంది. తర్వాత లేచి, పండగా పబ్బమూ లేకుండానే ఒక గుడ్డు ఉడికించి నా చేతిలో పెట్టింది. తిన్నాను.

పూర్ణన్న సైకిళ్ళ దుకాణానికి తనూ వస్తానంది. మూడు రిబ్బన్లూ ఉతికి, ఆరేసి, మడత పెట్టి తెచ్చింది. అక్కడ నేనింకా నోరు తెరవకముందే, "బాబూ, దొంగని నేను. పెళ్ళి రిబ్బన్లనుకున్నా" అంది. ఆయన విరిగిన చక్రం ఒళ్ళో పెట్టుకుని అలాగే చూశాడు. "పెళ్ళికి ప్లాస్టిక్ రిబ్బన్లు ఎవరు కడతారమ్మా?" అన్నాడు చివరికి. అప్పుడు నేను నా సంగతి చెప్పి, నీ ఉత్తరం ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. నా మొహం చూడకుండా, "మూడు వారాల నుంచి రోజూ ఆ చెట్టు దగ్గరికి పోయి, నేను కట్టిన ముళ్ళు గుర్తు తెచ్చుకుంటున్నా. మతి పోతోందేమో, ముసలాణ్ణయిపోయానేమో అనుకున్నా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నిర్మలక్క ఆరోగ్య కేంద్రంలో పిల్లలకి టీకాలు వేస్తోంది. కప్పు బల్ల మీద పెడితే, "జాలిపడి ఇస్తే నాకొద్దు, ఇంట్లో దుమ్ము దులపడానికి గిన్నెలు చాలానే ఉన్నాయి" అంది. "జాలి కాదక్కా, కప్పు నీదే" అన్నాను. నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వింది. "నలభై రెండేళ్ళొచ్చాయి నాకు! లోయలో మంచి రైడర్లిద్దరూ దొంగలైతే తప్ప నాకు పోఖరా రాదన్నమాట!" అంది. ఆ చెట్టు దగ్గర తనకి దారెలా తెలిసిందని నిర్మలక్కని అడిగాను.

"అడిగాను. గడ్డిలో ఒకావిడ కొడవలి పట్టుకుని ఉంది. దిగి అడిగితే 'మా అమ్మాయి ఇటే ఎక్కింది, నువ్వూ ఎక్కు' అంది. అడగడానికి సిగ్గెందుకు?"

అమ్మ నా వెనకే ఉంది. "అడిగింది నన్నే" అంది మెల్లిగా. నేను నేల చూశాను.

మాఘంలో మళ్ళీ రేసు పెడతానని పూర్ణన్న ఒప్పుకున్నాడు. నీకు శిక్ష నువ్వు వచ్చాక చెప్తాడట, నాది చెప్పేశాడు. ఆ రోజు నేను సైకిలెక్కకూడదు. పొద్దున్నించి ఆఖరి మనిషి దాటేదాకా పైన్ చెట్టు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకీ దారి చెప్పాలి. రిబ్బన్లు అమ్మ కడుతుందట, ఈసారి తాడు కూడా గుర్తుపెట్టుకుని తెచ్చుకుంటుందట.

నువ్వే ముందు వస్తావు, నాకు తెలుసు. దారి కూడా నీకు బాగా తెలుసు. అయినా అరుస్తాను అక్కా. ఎడమకి అని, కొండవతల లేలేలో వినబడేలా అరుస్తాను. వినబడనట్టు పోకు.

నీ చెల్లి
రోజినా