నమిలే కత్తెర

కోడుమూరు,
5 అక్టోబరు 1936.

డోన్ స్టేషను కాడ సాన అంగడి ఖాజా మొహిద్దీన్ అన్నకు, క్రైస్తవ మిషను వాళ్ళ కుట్టు బడి జీవమ్మ నిండు వందనాలు.

ఈ పొద్దు సోమవారం, ఉదయం పది గంటలకు, మీరు సాన పట్టి పంపిన కత్తెర మా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల గుడ్డను నమిలింది. తెంచలేదు, నమిలింది. పువ్వు చుట్టూ దారం కుట్టి, నడిమి గుడ్డ మొనతో కత్తిరించి తీసేయాల. మొన పెట్టి నొక్కితే గుడ్డ రెండు రెక్కల నడుమ మడుచుకుపోయింది. మీకు పంపకముందు కత్తెర మొండిదే గానీ గుడ్డ తినేది కాదు.

మా బడి పెద్ద విశ్వాసమ్మ టీచరమ్మ కండ్లారా చూసింది. కోత పండగకు బల్ల గుడ్డ కాకుంటే నన్ను బడిలోనుంచి తీసేస్తానన్నది. ఇంకో కత్తెర కొనుక్కో అని మాత్రం రాయొద్దండి. బజారు కత్తెర్లు నాకు తెగవు. ఇది మా నాయన ఏసేపు కొలిమిలో నా చేతికని కొట్టింది. ఆయన ఇప్పుడు లేడు.

కత్తెర బండి నరసన్న చేతికిచ్చి పంపుతాండా.

ఇట్లు,
జీవమ్మ.

తా.క.: నరసన్న మీసం చూడండి. ఒక పక్క పొట్టిగా ఉండాది. దారిలో మీ పదును పరీక్ష చేసినట్లుండాడు.


డోన్,
12 అక్టోబరు.

జీవమ్మకు ఖాజా మొహిద్దీన్ సలాం.

కత్తెర ముట్టింది. నరసన్న ఎదురుగానే కోరా గుడ్డ, మల్లు గుడ్డ, తడిపిన దారం కత్తిరించినా. మూడూ తెగినాయి. కత్తెరలో దోషం లేదు. నువ్వు కాగితం కత్తిరించింటావు, లేదంటే వత్తులు కత్తిరించింటావు. కుట్టుపని కత్తెరను గుడ్డకు తప్ప దేనికీ ముట్టించకూడదని మీ బడిలో చెప్పలేదా?

మా ఇంట్లోనూ ఒకామె ఉండాది. నా భార్య మున్నీ బీ. సాన పట్టేవాని పెండ్లాం, ఆమె చేతిలో ఏ కత్తెరా తెగదు. తప్పు కత్తెరలో లేదు, చేతిలో ఉండాదని పెండ్లయిన కాడినుంచీ చెప్తాండా. నీకూ అదే మాట.

ఇట్లు,
ఖాజా మొహిద్దీన్.

తా.క.: నరసన్న మీసం ఇదే కత్తెరతో నేను సరిచేసినా. ఇప్పుడు రెండు పక్కలా సమానం. నా సాక్ష్యం ఆయన ముఖమే.


కోడుమూరు,
19 అక్టోబరు.

ఖాజా మొహిద్దీన్ గారికి, జీవమ్మ సగం వందనం. మిగతా సగం కత్తెర తెగినాక.

కాగితం ముట్టలేదు. వత్తి ముట్టలేదు. కత్తెర మళ్ళీ గుడ్డను తినింది.

చెయ్యి మాట మీరే ఎత్తినారు కాబట్టి చెప్తాండా. నేను ఎడమ చేత్తో కత్తిరిస్తా. ముందే చెప్పింటే మీరు కత్తెర ముట్టరనుకున్నా. ఈ ఊర్లో ఎడమ చేత్తో ఆకు వక్క ఇచ్చినా తీసుకోరు. ప్రభువు బల్ల గుడ్డకు ఎడమ చెయ్యి తగలకూడదని టీచరమ్మ పట్టు. కత్తెర తెగకపోయేసరికి, "చూసినావా, దేవునికే ఇష్టం లేదు. కుడి చేత్తో కత్తిరించు, లేదా పో" అన్నది.

"నేను పోను, చెయ్యి మార్చను. రెండు చేతులూ దేవుడే ఇచ్చినాడు, ఒకటి ఆయన, ఒకటి ఇంకొకరు ఇయ్యలేదు" అన్నా.

మా నాయన నా కోసమే కత్తెరను తిరగేసి కొట్టినాడు. మామూలు కత్తెరలో కుడి రెక్క పైన ఉంటాది. నాదాంట్లో ఎడమ రెక్క పైన ఉండాల. ఇప్పుడు లేదు. దాన్నేం చేసినారో దాచకుండా రాయండి. కత్తెర మళ్ళీ పంపుతాండా.

ఇట్లు,
చేతిలో తప్పు లేని జీవమ్మ.

తా.క.: నరసన్న సాక్ష్యం చెల్లదు. రెండో పక్క మీసం కూడా తగ్గిందని ఆయన పెండ్లాం గంగక్క మీ మీద మండిపడతాంది.


డోన్,
27 అక్టోబరు.

జీవమ్మక్కకు, ఖాజా మొహిద్దీన్ నిండు సలాం.

కీలు ఊడదీసి రెక్కలు మార్చింది నేనే. కొట్టినోడు తప్పు చేసినాడనుకున్నా. సాటి పనోని తప్పు బయట పెట్టడమెందుకని, గుట్టుగా సరిచేసి, రెండో పక్క సాన పట్టినా. పుణ్యం చేసినాననుకున్నా.

మీ నాయన కొట్టినట్లే మళ్ళీ మార్చినా. పరీక్ష చేస్తే నా చేతిలో గుడ్డ నమిలింది. తిట్టుకుంటా ఉంటే మున్నీ బీ వచ్చి కత్తెర లాక్కున్నది. ఎడమ చేతిలోకి తీసుకున్నది. ఆరేసిన నా కొత్త లుంగీ ఈ అంచు నుంచి ఆ అంచుకు తెగింది. ఆగమంటే ఆగలేదు. తర్వాత నా ముందర నిలబడి, "ఇప్పుడు చెప్పు, తప్పు యాడుండాది?" అన్నది.

అట్లాంటిదే తనకూ ఒకటి కొట్టిచ్చేదాకా పొయ్యి రాజెయ్యనన్నది. కొట్టించినా. అయినా నీ కత్తెర నాకు ఇయ్యలేదు. నా చేతిలో పెడితే మళ్ళీ పుణ్యం చేస్తానంట. తానే తెచ్చి, నీతో కలిసి బల్ల గుడ్డ కత్తిరిస్తాదంట. "చర్చి గుడ్డ తురకోళ్ళు ముట్టొచ్చునా?" అంటే, "చెయ్యే పనికిరానిదన్నాక మతమెవరు అడుగుతారప్పా" అన్నది.

నరసన్న బండిని ఆమె కోసం ఆపి పెట్టుకున్నది. అందుకే ఈ జాబు టపాలో వేస్తాండా. గురువారం బయలుదేరుతాది. శనివారం పది గంటలకు మీ టీచరమ్మ ఎదురుగా, బల్ల గుడ్డకు ఆ చివర నువ్వు, ఈ చివర ఆమె, ఎడమ చేతులతో మొదలుపెడతారు.

ఇట్లు,
లుంగీ లేని ఖాజా మొహిద్దీన్.

తా.క.: లుంగీ అయిపోయినాక మున్నీ బీ ఇంకో పరీక్ష చేసింది. శనివారం బండి మీద మూతికి తువ్వాలు చుట్టుకున్న మనిషి కనబడితే నరసన్నే. గంగక్కకు ముందే చెప్పు.